క్వారీ, క్వెరీ: ఇంగ్లిష్ మాటల తికమక ఎక్కడ పుడుతుంది?

క్వారీ అంటే రాయి తీసే చోటు. క్వెరీ అంటే ప్రశ్న. ఆఫీసు వాడుకలో, మనం పెట్టిన కాగితం మీద అధికారి అడిగే వివరణ. మార్కాపురం పలకల రాయి పనిలో ఉన్న కుటుంబాలకు మొదటిది ఇంటి మాట. రెండోది దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడు వినిపించే మాట. ఇంగ్లిష్ స్పెల్లింగులో వీటి మధ్య తేడా కొంచెమే: ఒక ‘ఏ’ పోయి ‘ఈ’ వస్తుంది, ఒక ‘ఆర్’ తగ్గుతుంది. ఒకదాని చోట ఇంకొకటి పడితే కంప్యూటర్‌లో స్పెల్లింగ్ చూసే మామూలు ప్రోగ్రాం పట్టుకోలేదు. దానికి రెండూ సరైన మాటలే. అదే పనిలో రాయల్టీ అనే మాట కూడా ఉంది. తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము అది. మొదటి అక్షరం మారి ‘లాయల్టీ’ అయితే విధేయత అని అర్థం.

ఇలాంటి మాటలు ఇంగ్లిష్‌లో వందల్లో ఉన్నాయి. వాటి జాబితాలకు కొరత లేదు. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో, బ్యాంకు పరీక్షల గైడ్లలో పేజీలకు పేజీలు ఉంటాయి. వాటిని బట్టీపట్టిన విద్యార్థి పరీక్ష రోజు మళ్లీ అక్కడే తడబడతాడు. దానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, శ్రద్ధ లేకపోవడమూ కాదు. తికమక ఎక్కడ పుట్టిందో చూడకుండా మందు వేయడమే అసలు లోపం. ఒక్కో తికమక ఒక్కో చోట పుడుతుంది. పుట్టిన చోటు తెలిస్తే సగం పని అయినట్లే.

మార్కాపురం ఉన్న పశ్చిమ ప్రకాశంలో ఇది ఇప్పుడు పట్టించుకోవలసిన విషయం. ఒక కారణం బడి. ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లిష్ మాధ్యమం తేవాలని 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ తర్వాత రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లిష్ పాఠం, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. ఏ మాధ్యమం మంచిదన్న వాదన ఈ వ్యాసం పరిధిలోది కాదు. కానీ ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగిన వారెవరూ లేని పిల్లలు ఇప్పుడు ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నారన్నది మాత్రం నిజం. ఇంకో కారణం వలస. వానలు తక్కువ, బోర్లు లోతు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఎన్నో కుటుంబాలు బేల్దారి పనులకూ ఉద్యోగాలకూ హైదరాబాదు, బెంగళూరు వెళ్లాయి. అక్కడ అద్దె కాగితం, కంపెనీ ఫారం, బ్యాంకు లోను అన్నీ ఇంగ్లిష్‌లోనే.

మొదటి తికమక చెవి దగ్గర పుడుతుంది. పసిబిడ్డ చెవి ఏ భాషకైనా సిద్ధంగా ఉంటుంది. తర్వాత చుట్టూ వినిపించే భాషకు అవసరమైన తేడాలనే గట్టిగా పట్టుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో దీన్ని చూపించారు. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని పిల్లలు ఆరేడు నెలల వయసులో హిందీలోని ట, త తేడాను గుర్తుపట్టారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. ఇంగ్లిష్‌కు ఆ తేడా అక్కర్లేదు కాబట్టి. మనకూ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లిష్‌కు కావలసి, తెలుగుకు అక్కర్లేని తేడాలు మన చెవిని దాటిపోతాయి.

ఒక ఉదాహరణను కాస్త వివరంగా చూద్దాం. ‘స’ పలుకుతూనే నాదం (గొంతులో కలిగే కంపనం) కలిపితే ఇంగ్లిష్‌లో ‘జూ’ అనే మాట మొదట్లో వచ్చే శబ్దం పుడుతుంది. తెలుగులో ఆ శబ్దానికి అక్షరం లేదు. ‘జడ’ను మనం పలికే తీరులోని దంత్య జకారం దానికి దగ్గరగా వస్తుంది గానీ అదే కాదు. అందుకని ఆ శబ్దాన్ని మనం ఒకసారి ‘స’గా, ఒకసారి ‘జ’గా సర్దుకుంటాం. చొక్కా లూజు అంటాం, నట్టు లూజైంది అంటాం, లూజ్ మోషన్స్ అంటాం. ఇంగ్లిష్‌లో ‘వదులు’ అనే అర్థమున్న ఆ మాట చివర వచ్చేది ‘స’ శబ్దం. అది లూస్. చివర నాదంతో పలికే ‘లూజ్’ వేరే మాట. దానికి అర్థం పోగొట్టుకోవడం, ఓడిపోవడం. అంటే వదులుకు మనం పెట్టుకున్న ఉచ్చారణ, ఇంగ్లిష్ వారు పోగొట్టుకోవడానికి వాడే ఉచ్చారణ. టీచర్ ఎంత సరిగ్గా పలికినా మన చెవికి మన లూజే వినిపిస్తుంది. చెయ్యి దాన్నే రాస్తుంది, రెండు ‘ఓ’లు పెట్టి. దీనికి ఊతం ఇంగ్లిష్‌లోనే దొరుకుతుంది. నష్టానికి వాడే ‘లాస్’ అనే మాట మనకు బాగా తెలుసు, అందులో ఒక్క ‘ఓ’యే ఉంది. దాని క్రియ అయిన లూజ్‌లోనూ ఒక్క ‘ఓ’యే.

సలహా, సలహా ఇవ్వడం అనే జంటలోనూ ఇదే తేడా. సలహా అనే నామవాచకం అడ్వైస్. సలహా ఇవ్వడమనే క్రియ అడ్వైజ్. ధర ప్రైస్, బహుమతి ప్రైజ్. చెవి ఒకసారి ఈ తేడా పట్టుకుంటే ఈ కుటుంబం మొత్తం తేలికవుతుంది. అందుకే చెవి దగ్గర పుట్టిన తికమకకు కాగితం మీద ఎన్నిసార్లు రాసినా ఫలితం తక్కువ. వినాలి, పైకి పలకాలి. గొంతు మీద వేలు పెట్టుకుని ‘స’ అని, తర్వాత నాదం కలిపి పలికితే కంపనం వేలికి తెలుస్తుంది.

అచ్చుల్లోనూ ఇబ్బంది ఉంది. దరఖాస్తు ఫారం అంటాం. కోళ్ల ఫారం అంటాం. తెలుగులో రెండూ ఒకటే రాత, ఒకటే పలుకు. ఇంగ్లిష్‌లో మొదటిదాని అచ్చు ఆ, ఓ మధ్యలో పెదవులు గుండ్రంగా పెట్టి పలికేది, రెండోది తేటగా ‘ఆ’. ఆ మధ్య అచ్చు మనకు లేదు. హాల్, హోల్ మాటల్లోనూ, కాల్, కోల్ మాటల్లోనూ తడబాటుకు మూలం అదే. అయితే మనకు లేదనుకునే శబ్దాలు కొన్ని నిజానికి మన నోట్లోనే ఉన్నాయి. ‘వచ్చాడు’ అన్న మాటను చాలామంది పలికేటప్పుడు ‘చ్చా’లోని అచ్చు తేట ‘ఆ’ కాదు, ఆ, ఏ మధ్యలో ఉంటుంది. ఒంగోలులో 1928లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, ఐర్లండుకు చెందిన జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ అచ్చును ప్రత్యేకంగా చూపించారు. లిపిలో లేదు, మాటలో ఉంది. ఇంగ్లిష్‌లో బ్యాట్, బ్యాంక్ అనే మాటల్లోని అచ్చు దీనికి దగ్గరిదే. మెన్, మ్యాన్ తేడా నేర్పే టీచరు ‘వచ్చాడు’తో మొదలుపెడితే పిల్లలకు కొత్త శబ్దం నేర్చుకుంటున్న బెరుకు ఉండదు.

ప, ఫ సంగతి డబ్బుతో ముడిపడింది కాబట్టి దాన్ని విడిగా చెప్పాలి. ప్లాట్ అంటే ఇంటి స్థలం. ఫ్లాట్ అంటే పెద్ద భవనంలో ఒక ఇల్లు. తెలుగులో ‘ఫ’ మొదట ‘ప’కు ఒత్తు. పై పళ్లు కింది పెదవికి ఆనించి పలికే ఇంగ్లిష్ శబ్దానికి దాన్ని తర్వాత వాడుకున్నాం. అందుకే చాలామంది నోట రెండూ కలిసిపోతాయి. హైదరాబాదులో డబ్బు పెడదామనుకునే కుటుంబానికి ఇది ఉచ్చారణ సమస్య మాత్రమే కాదు. ప్లాట్ కొంటే కొలిచి హద్దులు చూపించిన నేల మీ పేరు మీదికి వస్తుంది. ఫ్లాట్ కొంటే ఇల్లు మీది, కింద నేలలో మీకొచ్చేది అవిభాజ్య వాటా (విడదీసి హద్దులు చూపించలేని భాగం). ఫోనులో ఎవరైనా ఈ మాట చెబితే ‘స్థలమా, ఇల్లా’ అని తెలుగులో అడగడమే మంచిది.

రెండో తికమక కంటి దగ్గర, అంటే స్పెల్లింగు దగ్గర పుడుతుంది. తెలుగు చదివేవారికి అక్షరాన్ని నమ్మే అలవాటు ఉంటుంది. చాలావరకు రాసింది పలుకుతాం, పలికింది రాస్తాం. ఇంగ్లిష్ అలా లేదు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగు క్రమంగా గట్టిపడింది. నోటి మాట మాత్రం మారుతూ పోయింది. తెలుసుకోవడమనే ‘నో’ మొదట్లో ఉన్న ‘కే’ ఒకప్పుడు నిజంగానే పలికేవారు. ఇప్పుడు పలకరు, కానీ రాస్తారు. అందుకే కాదు అనే ‘నో’కూ దీనికీ పలుకు ఒకటే. ఇలా పలుకు ఒకటై రాత, అర్థం వేరైన మాటలను సమధ్వనులు అంటారు. వీటితో ఇంగ్లిష్ ఇంటిభాషగా ఉన్నవారూ తడబడతారు. అది మన ఒక్కరి బలహీనత కాదని పిల్లలకు చెప్పాలి.

‘సైట్’ చూడండి. కళ్లకు సైట్ వచ్చింది అంటాం. బేల్దారి పనికి వెళ్లినవారు సైట్‌లో ఉన్నాం అంటారు. బెంగళూరులో సైట్ అంటే ఇంటి స్థలం. కళ్లకు సంబంధించిన సైట్‌లో పలకని ‘జీ హెచ్’ ఉంటాయి, స్థలానికి సంబంధించిన సైట్‌లో ఉండవు. ‘ప్రిన్సిపల్’ కూడా ఇలాంటిదే. కాలేజీ ప్రిన్సిపల్ ఒకరు. బ్యాంకు లోనులో వడ్డీ కాకుండా మిగిలే అసలు కూడా ప్రిన్సిపలే. ఈ రెండిటికీ స్పెల్లింగు ఒకటే, చివర ‘పీ ఏ ఎల్’. చివర ‘పీ ఎల్ ఈ’ ఉంటే అది సూత్రం, నియమం. ప్రధానమైనది అన్నదే మొదటి రెండిటి మూలార్థం. కాలేజీలో ప్రధాన వ్యక్తి, అప్పులో ప్రధాన మొత్తం. నోటుపుస్తకాలు అమ్మే స్టేషనరీకి, కదలకుండా ఉన్న స్టేషనరీకి ఒక్క అక్షరమే తేడా. నిజానికి రెండూ చుట్టాలే. ఊరూరా తిరగకుండా ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకున్న వర్తకుడిని లాటిన్‌లో ఆ పేరుతో పిలిచారు. కాగితాల అంగడి మాట అక్కడి నుంచి వచ్చింది. కంటి దగ్గర పుట్టిన తికమకకు ఇలాంటి చరిత్ర, చేత్తో రాసే సాధన పనిచేస్తాయి. ఇక్కడ చెవి సాయం చేయదు.

మూడో తికమక అన్నిటికంటే లోతైనది. అది అర్థం దగ్గర పుడుతుంది. రెండు భాషలు ప్రపంచాన్ని ఒకే చోట గీత గీసి విడదీయవు. ఇంగ్లిష్‌లో ‘రైస్’ ఒక్క మాట. మనకు పొలంలో వరి, కల్లంలో వడ్లు, సంచిలో బియ్యం, పళ్లెంలో అన్నం. ఇంగ్లిష్‌లో ‘వుయ్’ ఒక్కటే, మనకు మనం వేరు, మేము వేరు. తెలుగు నేర్చుకునే ఇంగ్లిష్ వారు అక్కడ పడతారు. వారికి ఒక్క మాట ఉన్నచోట మనకు రెండున్నట్లే, మనకు ఒక్కటున్న చోట వారికి రెండు ఉంటాయి. మనం పడేది అక్కడే.

అప్పు అలాంటి మాట. అప్పు ఇచ్చాడు, అప్పు తెచ్చాడు. మనకు ‘అప్పు’ నిలకడగా ఉంటుంది, దిక్కును క్రియ చెబుతుంది. ఇంగ్లిష్‌లో దిక్కు మాటలోనే ఉంది. ఇవ్వడం లెండ్, తీసుకోవడం బారో. విద్యార్థి మనసులో ‘అప్పు’ అని మెదిలి, దానికి మొదట దొరికిన ఇంగ్లిష్ మాట పడిపోతుంది. అందుకే ‘నాకు వంద రూపాయలు బారో చెయ్యి’ లాంటి వాక్యాలు పుడతాయి. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వస్తువు ఎటు కదులుతోంది? నా దగ్గరి నుంచి పోతే లెండ్, నా దగ్గరికి వస్తే బారో.

ఇంగ్లిష్ ఎప్పుడూ మనకంటే సూక్ష్మమైన భాష అనుకోనక్కర్లేదు. అద్దెకు ఇవ్వడానికీ తీసుకోవడానికీ దానికి ‘రెంట్’ ఒక్కటే. ‘లీజ్’ కూడా అంతే. ఆ లోటు తీర్చుకోవడానికి చట్టం భాష చివరి అక్షరాలను వాడుకుంది. మాట చివర ‘ఆర్’ వస్తే ఇచ్చేవారు, రెండు ‘ఈ’లు వస్తే పుచ్చుకునేవారు. లెసర్ లీజుకు ఇచ్చినవారు, లెసీ తీసుకున్నవారు. కౌలు ఒప్పందంలో భూమి యజమాని లెసర్, కౌలు రైతు లెసీ. ప్రభుత్వ భూమిలో క్వారీ అయితే లెసర్ ప్రభుత్వం. చెక్కు మీద గీతల మధ్య రాసే ‘అకౌంట్ పేయీ’ చాలామంది చూసి ఉంటారు. పేయీ అంటే డబ్బు అందుకునేవారు. ఆ మాట ఉంటే చెక్కు వారి ఖాతాలోనే పడాలి.

ఈ సూత్రం ఒక చోట కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. పొలం తాకట్టు (మార్ట్‌గేజ్) పెట్టి లోను తీసుకున్నప్పుడు మార్ట్‌గేజర్ ఎవరు? డబ్బు ఇచ్చింది బ్యాంకు కదా, కాబట్టి బ్యాంకే అని తోస్తుంది. కాదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది డబ్బు కాదు, తాకట్టు. తాకట్టు ఇచ్చింది రైతు, కనుక రైతు మార్ట్‌గేజర్. పుచ్చుకున్న బ్యాంకు మార్ట్‌గేజీ. కాగితంలో ఫలానా బాధ్యత మార్ట్‌గేజర్‌ది అని రాసి ఉంటే అది సంతకం పెట్టిన రైతు మీదే పడుతుంది. మాట చివరి రెండు అక్షరాలు చూడకుండా సంతకం పెట్టకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అర్థం దగ్గర పుట్టిన తికమకకు మందు చాలాసార్లు తెలుగులోనే ఉంటుంది. హియర్, లిజన్ రెండిటికీ నిఘంటువులో ‘విను’ అనే ఉంటుంది. కానీ మనం మాట్లాడే తెలుగులో తేడా ఉంది. ‘ఎవరో పిలిచినట్టు వినిపించింది’ అంటే చెవిన పడింది, అది హియర్. ‘పాఠం విన్నాను’ అంటే శ్రద్ధ పెట్టాను, అది లిజన్. అలాగే కనిపించింది అంటే సీ, చూశాను అంటే లుక్. పొలంలో కాపలా కూర్చుని కనిపెట్టి చూడటం వాచ్. చేతి గడియారానికీ అదే పేరు. విద్యార్థిని ‘విను’ అనే ముడి మాట దగ్గర ఆపకుండా పూర్తి తెలుగు వాక్యం చెప్పమంటే ఇంగ్లిష్ మాట దానంతట అదే తేలుతుంది. తెలుగు బాగా వచ్చిన పిల్లవాడికి ఇంగ్లిష్ నేర్చుకోవడం తేలిక అని చెప్పేవారి మాట ఇక్కడ నిజమవుతుంది.

నాలుగోది మనం ఇప్పటికే తెచ్చుకుని తెలుగు చేసుకున్న ఇంగ్లిష్ మాటలతో వచ్చే చిక్కు. కరెంటు మనకు విద్యుత్తు, హోటల్ మనకు తిండి దొరికే చోటు. ‘బోరింగు’ పశ్చిమ ప్రకాశం పల్లెల్లో చేతిపంపు. ఇంగ్లిష్‌లో బోరింగ్ అంటే విసుగు పుట్టించేది, బోర్డ్ అంటే విసుగు పుట్టినవారు. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నాకు విసుగ్గా ఉందని కాదు, నేనే విసుగు పుట్టించే మనిషినని. కంభం చెరువు సంగతీ ఇలాంటిదే. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన ఆ పెద్ద చెరువును ఇంగ్లిష్ రికార్డుల్లో ‘కంభం ట్యాంక్’ అని రాశారు. చెరువును ట్యాంక్ అనడం భారతీయ ఇంగ్లిష్ వాడుక. ఇంగ్లండు మనిషికి ట్యాంక్ అంటే నీళ్లు నింపే తొట్టి, లేదా యుద్ధ వాహనం. ఆ వాడుక తప్పని నేననను. మన దేశంలో అది చెల్లే మాట. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుంటే చాలు. కాలువకు ఉన్న రెండు మాటల్లో మాత్రం తేడా పాటించాలి. ప్రాజెక్టు నుంచి తవ్వే పెద్ద కాలువ కెనాల్. పొలంలోకి పారే పిల్లకాలువ ఫీల్డ్ ఛానెల్. కెనాల్‌లో ఊనిక (మాటలో ఒక భాగాన్ని ఒత్తి పలకడం) చివర ఉంటుంది, ఛానెల్‌లో మొదట ఉంటుంది. ఆ ఊనిక తప్పితే ఇంగ్లిష్ వారికి మాటే అర్థం కాకపోవచ్చు.

కొన్ని జంటలు ఆరోగ్యానికి సంబంధించినవి. వాటిని పరీక్షల మార్కులతో కలిపి చూడకూడదు. ఈ ప్రాంతంలో ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని అందరూ అంటారు. క్లోరిన్ వేరు, ఫ్లోరిన్ వేరు. క్లోరిన్ పంచాయతీ వారు ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ రూపంలో వేసేది, క్రిములను చంపడానికి. ఇక్కడ ఫ్లోరిన్ అని పిలిచేది నిజానికి ఫ్లోరైడ్, అది భూమిలోని రాళ్ల నుంచి బోరు నీటిలోకి చేరేది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. అది ఎక్కువై ఏళ్ల తరబడి తాగితే పళ్లకు మచ్చలు, ఎముకలకు బిగుసుకుపోయే జబ్బు వస్తాయి. ఆ జబ్బు పేరు ఫ్లోరోసిస్. క్లోరిన్ వేసినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. కాచినా పోదు. కాచితే నీరు ఆవిరై మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. క్లోరిన్ వేస్తున్నారు కదా అని ధీమా పడటానికి ఈ రెండు పేర్ల పోలికే కారణం కావచ్చు.

హైపర్, హైపో కూడా అలాంటివే. గ్రీకులో హైపర్ అంటే పైన, హైపో అంటే కింద. షుగర్ ఉన్నవారికి హైపర్ అయితే రక్తంలో చక్కెర ఎక్కువైనట్టు. హైపో అయితే తగ్గినట్టు, సాధారణంగా డెసిలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కంటే కిందికి. హైపోలో స్పృహ ఉంటే వెంటనే గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నోటికి ఇవ్వాలి. హైపర్‌లో అదే చక్కెర హాని. ఫోనులో డాక్టరు చెప్పింది సరిగా వినపడకపోతే ‘ఎక్కువైందా, తగ్గిందా’ అని అడగండి. ఈ జంటకు అంతకంటే మంచి జాగ్రత్త లేదు.

ఇక నేర్పే పద్ధతి. నేనన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పోలికగల రెండు మాటలను ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పడం మన గైడ్లలో అలవాటు. లెండ్, బారో ఒక వరుసలో, వాటి అర్థాలు పక్కన. చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ జ్ఞాపకానికి అది మేలు చేయదు. థామస్ టింకమ్ 1993లో, జపాన్‌లో రాబ్ వేరింగ్ 1997లో చేసిన ప్రయోగాల్లో, అర్థంలో దగ్గరగా ఉన్న కొత్త మాటలను గుంపుగా నేర్చుకున్నవారికి, సంబంధం లేని మాటలు నేర్చుకున్నవారికంటే ఎక్కువ సమయం పట్టింది. మాటలు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. న్యూజిలాండ్‌కు చెందిన పదజాల బోధన నిపుణుడు పాల్ నేషన్ 2000లో ఇదే ప్రమాదం గురించి ఉపాధ్యాయులను హెచ్చరించారు. రెండూ కొత్తవైతే, ఏది దేనికి చెందిందో గుర్తుపెట్టుకునే ఆధారం మెదడుకు ఉండదు. రెండూ సగం సగం నిలబడతాయి.

అందుకని ఒకదాన్ని ముందు స్థిరపరచాలి. లైబ్రరీ పుస్తకం తెచ్చుకోవడంతో ‘బారో’ నేర్పండి. అది వాక్యాల్లో అలవాటుగా వచ్చేదాకా ‘లెండ్’ ఊసే ఎత్తకండి. వారాలు గడిచాక, మొదటిది నోటికి తడుముకోకుండా వస్తున్నప్పుడు, రెండోదాన్ని తెచ్చి పక్కన పెట్టి తేడా చూపండి. అప్పుడు పోల్చడం పనికొస్తుంది, అంతకు ముందు అదే తికమక పుట్టిస్తుంది. రెండిట్లో ఏది ముందు? ఆ ఇంట్లో, ఆ ఊరి పనిలో ఎక్కువ వినిపించేది. మార్కాపురంలో ‘క్వారీ’ ముందు, ‘క్వెరీ’ తర్వాత. షుగర్ రోగి ఉన్న ఇంట్లో ‘హైపో’ ముందు.

నిఘంటువు వాడే తీరూ మారాలి. శంకరనారాయణ నిఘంటువు తెలుగు ఇళ్లలో తరాలుగా ఉంది, దాని మేలు పెద్దది. అయితే ఇంగ్లిష్ మాటకు ఎదురుగా తెలుగు మాట ఇచ్చే ఏ నిఘంటువైనా రెండు ఇంగ్లిష్ మాటలకు ఒకే తెలుగు అర్థం చూపించే సందర్భాలు తప్పవు. హియర్‌కూ లిజన్‌కూ ‘విను’ అన్నట్టు. తేడా తేల్చుకోవాలంటే అభ్యాసకుల కోసం వాక్యాలతో రాసిన నిఘంటువు చూడాలి. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ ఇలాంటిదాన్ని 1942లో టోక్యోలో ప్రచురించారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని వేరే పేరుతో తెచ్చింది. ఇంగ్లిష్ ఇంటిభాష కానివారు ఎక్కడ తడబడతారో చూసి రాసిన పుస్తకం అది. దాని వారసులు ఇప్పుడు ఫోనులో ఉచితంగా దొరుకుతున్నాయి.

1967లో పిట్ కార్డర్ అనే భాషాబోధన పండితుడు ఒక వ్యాసం రాశారు. అభ్యాసకుడి తప్పు, అతను భాషను ఎలా అర్థం చేసుకుంటున్నాడో చూపించే సాక్ష్యమని అందులో వాదించారు. తప్పును కొట్టివేస్తే ఆ సాక్ష్యం పోతుంది. దాన్ని చదివితే మన పాఠం వరుస ఎక్కడ తెగిందో తెలుస్తుంది. గిద్దలూరులో, కంభంలో, దోర్నాలలో ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు నా విన్నపం ఇది. పిల్లవాడు ‘లెండ్’ రాయవలసిన చోట ‘బారో’ రాస్తే ఎర్రగీత పెట్టే ముందు, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పమని అడగండి. ‘లూజ్’కు రెండు ‘ఓ’లు పెడితే దాన్ని పైకి పలకమనండి. తప్పు అర్థంలో ఉందో, చెవిలో ఉందో, స్పెల్లింగులో ఉందో అలా అడిగితే తేలుతుంది. ఆ తర్వాత ఏం నేర్పాలో మీకే తెలుసు.